కట్టడం ఒక ఎత్తు, కాపాడడం ఒక ఎత్తు

ప్రభుత్వం ఒక భవనం కడితే శిలాఫలకం వేస్తారు. మంత్రిగారి పేరు, కలెక్టరుగారి పేరు, తేదీ, అన్నీ పాలరాతి మీద చెక్కుతారు. అదే భవనాన్ని పదేళ్లపాటు శుభ్రంగా ఉంచినందుకు ఫలకం వేసిన సందర్భం నాకు తెలిసి ఒక్కటీ లేదు. కట్టడానికి ఖర్చయ్యేది ఒక్కసారి. కాపాడడానికి ఖర్చయ్యేది ప్రతి నెలా. కట్టడం గురించి అసెంబ్లీలో మాట్లాడతారు, పత్రికలు రాస్తాయి. కాపాడే పని మాత్రం ఒక టెండరు నోటీసుగా పేపర్లో ఓ మూలన కనిపించి మాయమవుతుంది. ఆ మూలన ఉన్న టెండరు నోటీసు గురించే ఈ వ్యాసం.

ఇదేం విషయం, సావనీరులో రాయదగ్గదా అని కొందరు మిత్రులు అడగవచ్చు. మన కాలేజీలో చదివి బయటికి వెళ్లినవాళ్లలో చాలామంది రేపు ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు మీద సంతకం పెట్టేవాళ్లే. ఇంకొందరు కంట్రాక్టర్లు అవుతారు. మరికొందరి తల్లులో, మేనత్తలో ఇప్పటికే ఆ కంట్రాక్టరు కింద చీపురు పట్టి ఉంటారు. కాబట్టి ఇది మన ఇంటి విషయమే.

మూడు ఊళ్లు, ముగ్గురు యజమానులు

పాత వరంగల్ జిల్లాను 2016 అక్టోబరు 11న విడదీశారు. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. జిల్లా అంటే కాగితం మీద గీత మాత్రమే కాదు గదా. కలెక్టరేటు కావాలి, ఎస్పీ ఆఫీసు కావాలి, ఆసుపత్రి పెద్దది కావాలి. జనగామ కలెక్టరేట్ల సముదాయానికి 2022 ఫిబ్రవరి 11న, మహబూబాబాద్‌లోని సముదాయానికి 2023 జనవరి 12న ప్రారంభోత్సవాలు జరిగాయి. మహబూబాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల 2022 నవంబరు 15న, జనగామ, భూపాలపల్లి వైద్య కళాశాలలు 2023 సెప్టెంబరు 15న మొదలయ్యాయి. అంటే ఏడేళ్లలో ఈ మూడు ఊళ్లలో లక్షల చదరపు అడుగుల కొత్త నేల పుట్టుకొచ్చింది. ఆ నేలనంతా రోజూ ఎవరో ఒకరు ఊడవాలి, తుడవాలి. మరుగుదొడ్లు కడగాలి, లిఫ్టు ఆగితే బాగుచేయాలి, రాత్రి గేటు దగ్గర కూర్చోవాలి.

ఈ పనులన్నిటికీ యజమాని ఒక్కడు కాదు. కలెక్టరేటు, ఆసుపత్రి రాష్ట్ర ప్రభుత్వానివి. జనగామ, మహబూబాబాద్ స్టేషన్లు రైల్వేవి, అంటే కేంద్రానివి. భూపాలపల్లిలో సింగరేణి ఉంది. దానిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. అయినా బొగ్గు గని కనుక కార్మిక చట్టాల అమలు కేంద్రం చేతిలో ఉంటుంది. ఒకే రకం చీపురు, ఒకే రకం ఫినాయిలు, కాని చీపురు పట్టినవాళ్ల హక్కులు మాత్రం ఏ గోడ లోపల ఊడుస్తున్నారన్నదాన్ని బట్టి మారుతూ వచ్చాయి. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

కొలవగలిగే పని, కొలవలేని పని

ప్రభుత్వ భవనాల నిర్వహణలో ముఖ్యంగా మూడు రకాల కంట్రాక్టులుంటాయి.

మొదటిది మరమ్మతు పని. స్లాబు కారుతోంది, సున్నం వేయాలి, కిటికీలు మార్చాలి. దీనికి ఇంజనీరు ఎస్టిమేటు వేస్తాడు, ఎస్.ఎస్.ఆర్. రేట్లుంటాయి, పని అయ్యాక ఎం. బుక్కులో కొలతలు రాస్తారు. ఇన్ని చదరపు మీటర్ల ప్లాస్టరింగు, ఇంత బిల్లు. అనుమానం వస్తే రేపు పొద్దున టేపు పట్టుకుపోయి మళ్లీ కొలవచ్చు.

రెండవది వార్షిక నిర్వహణ. లిఫ్టు, జనరేటరు, ఏసీ, ఆక్సిజన్ ప్లాంటు వంటివాటికి సంవత్సరానికి ఇంత అని మాట్లాడుకోవడం. యంత్రం నడుస్తోందా లేదా అన్నది అందరికీ కనిపిస్తుంది.

మూడవది సేవల కంట్రాక్టు. ఊడవడం, కడగడం, కాపలా, పేషెంట్లను స్ట్రెచరు మీద తీసుకుపోవడం. చిక్కంతా ఇక్కడే. ఊడ్చిన నేలను రేపు కొలవలేం. మధ్యాహ్నం రెండు గంటలకు ప్రసూతి వార్డు శుభ్రంగా ఉందా లేదా అన్నది సాయంత్రానికే రుజువు లేని విషయమై పోతుంది. ఎం. బుక్కు ఉండదు. దాని బదులు హాజరు పట్టీ ఉంటుంది, సూపరింటెండెంటు ఇచ్చే సర్టిఫికెట్టు ఉంటుంది. కొలతకు బదులు సంతకం వచ్చింది. ఆడిటు పనిమీద నేనిలాంటి ఫైళ్లు చాలానే తిరగేశాను. ప్లాస్టరింగు బిల్లులో అరమీటరు తేడా వస్తే నాలుగు పేజీల అభ్యంతరం రాస్తాం. హాజరు పట్టీలో ముప్ఫై రోజులూ ఒకే కలంతో, ఒకే పూట సంతకాలు పడ్డట్టు కనిపించినా, పక్కనే అధికారి సర్టిఫికెట్టు ఉంటుంది కనుక రాయడానికి ఆధారం తక్కువ.

మరమ్మతు టెండర్లలో అతి తక్కువకు కోట్ చేసేవాళ్లను అదుపు చేయడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2003లో జీ.ఓ. 94 వచ్చింది. ఎస్టిమేటు మీద 25 శాతానికి మించి తగ్గించి వేస్తే, ఆ పైతేడాకు అదనపు హామీ కట్టాలన్నారు. తక్కువకు వేసినవాడు పని సగంలో వదిలేస్తాడన్న భయం అందుకు కారణం. సేవల కంట్రాక్టులో వచ్చే ప్రమాదం వేరు. ఇక్కడ తక్కువకు వేసినవాడు పని వదిలిపోడు. ఉండి, మనుషుల్ని తగ్గిస్తాడు.

మంచం లెక్క

మాటలకన్నా లెక్క మేలు. తెలంగాణ ప్రభుత్వం 2022-23 బడ్జెటులో ఆసుపత్రుల పారిశుద్ధ్యానికి మంచానికి నెలకు ఇచ్చే మొత్తాన్ని రూ.5,000 నుంచి రూ.7,500కు పెంచింది. మంచి నిర్ణయమే, సందేహం లేదు. ఇక 2021 జూన్‌లో వచ్చిన జీ.ఓ. 60 ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కనిష్ఠ శ్రేణి జీతాన్ని రూ.12,000 నుంచి రూ.15,600 చేసింది. ఆసుపత్రి కార్మికులు మాకూ అదే ఇవ్వండని అప్పటినుంచి అడుగుతూ వచ్చారు.

ఇప్పుడు వంద మంచాల ఆసుపత్రి ఒకటి అనుకుందాం. నెలకు రూ.7,50,000 వస్తుంది. మందులు, ఫినాయిలు, మాపులు, యంత్రాలు, ఏజెన్సీ లాభం, అన్నీ కలిపి 15 శాతం, అంటే రూ.1,12,500 తీసేద్దాం. ఈ 15 శాతం నేను లెక్కకోసం అనుకున్నది. పన్నుల జోలికి పోవడం లేదు. మిగిలింది రూ.6,37,500.

ఒక మనిషికి జీతం రూ.15,600 ఇస్తే యజమాని వాటా పీఎఫ్, దాని ఇతర ఛార్జీలతో 13 శాతం, రూ.15,000 పరిమితి మీద లెక్కిస్తే రూ.1,950. ఈఎస్ఐ యజమాని వాటా 2019 జూలై నుంచి 3.25 శాతం, అంటే రూ.507. మొత్తం రూ.18,057. దీంతో పై మొత్తాన్ని భాగిస్తే 35 మంది వస్తారు.

35 మంది ఎక్కువే కదా అనిపిస్తుంది. కాని ఆసుపత్రికి రాత్రి లేదు, ఆదివారం లేదు. ఒక చోట ఇరవై నాలుగు గంటలూ ఒక మనిషి ఉండాలంటే మూడు షిఫ్టులకు ముగ్గురు, వారంలో ఒకరోజు సెలవు కలిపితే మూడున్నర మంది కావాలి. ఎవరికీ జ్వరం రాకూడదు, ఎవరింట్లో పెళ్లి కాకూడదు. అంటే 35 మందితో కాపాడగలిగేది పదే పది స్థానాలు. కాన్పుల గది, ఆపరేషన్ థియేటరు, క్యాజువాలిటీ, ఐసీయూ, మగవాళ్ల వార్డు, ఆడవాళ్ల వార్డు, పిల్లల వార్డు, మరుగుదొడ్లు, ఓపీ, ఆవరణ. పది అయిపోయాయి.

ఇంతలో టెండరులో ఒక ఏజెన్సీ పది శాతం తగ్గించి గెలిచిందనుకోండి. నెలకు రూ.6,75,000. ఫినాయిలు ధర తగ్గదు, యంత్రం ధర తగ్గదు. ఆ రూ.1,12,500 అలాగే తీసేస్తే రూ.5,62,500 మిగిలింది. అంటే 31 మంది. ప్రభుత్వానికి రూ.75,000 ఆదా అయిందని ఫైలులో రాస్తారు. ఆదా అయింది డబ్బు మాత్రమే కాదు, నలుగురు మనుషులు. ఆ నలుగురి పని మిగతా 31 మంది నడుం మీద పడుతుంది, లేదా ఏదో ఒక వార్డు మురికిగా ఉంటుంది.

మంచం లెక్కలో ఇంకో లొసుగు కూడా ఉంది. వైద్య కళాశాల అనుబంధ ఆసుపత్రికి రోజూ ఓపీకి వచ్చే వందలాది మంది మంచమెక్కరు. వాళ్ల వెంట వచ్చేవాళ్లూ మంచమెక్కరు. కాని వరండా తొక్కేదీ, మరుగుదొడ్డి వాడేదీ వాళ్లే. మంచానికి డబ్బిచ్చి వరండాను ఊడ్చమనడం, ఇదీ మన పద్ధతి.

సున్నాకు పనిచేసేదెవరు?

కొన్ని టెండర్లలో జీతం, పీఎఫ్, ఈఎస్ఐ ముందే ఖరారు చేసి, ఏజెన్సీని తన సర్వీసు ఛార్జీ ఎంతో చెప్పమంటారు. సూత్రంగా ఇది మెరుగైన పద్ధతి. కాని పోటీలో ఏజెన్సీలు ఆ ఛార్జీని సున్నాకు దించడం మొదలుపెట్టాయి. సున్నా కోట్ చేసిన టెండరును చెల్లనిదిగా చూడాలని కేంద్ర ఆర్థిక శాఖ 2014 జనవరిలో చెప్పవలసి వచ్చింది. అప్పుడు పైసల్లో కోట్ చేశారు.

వ్యాపారి సున్నా లాభానికి ఎందుకు వస్తాడు? గుత్త పాట పాడే రోజులనుంచీ మన తెలంగాణ పల్లెల్లో తెలిసిన సమాధానమే: పాటలో పోయింది వసూలులో రాబట్టుకుంటాడు. మనిషి లేకుండా హాజరు పడితే ఒక జీతం మిగులుతుంది. పీఎఫ్ కట్ చేసి జమ చేయకపోతే ఇంకొంత. ఉద్యోగంలో పెట్టుకున్నందుకు ఇంత ఇవ్వమంటే మరికొంత. ఏజెన్సీలందరూ ఇలాగే చేస్తారని నేననడం లేదు. సున్నాకు గెలిచినవాడు నిజాయితీగా బతికే దారి టెండరు షరతుల్లోనే లేదంటున్నాను.

అందుకే కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇంకో దారి తెరిచింది. కన్సల్టెన్సీ కాని సేవల్లో కూడా, అవసరమైన చోట, ధరతో పాటు నాణ్యతకు 30 శాతం మించకుండా మార్కులు ఇవ్వవచ్చంది. ఆ మార్కులు వేసేది మళ్లీ మనుషులే కనుక అదీ సర్వరోగనివారిణి కాదు. అయినా అందరికన్నా తక్కువ వాడే మంచివాడన్న సూత్రానికి అది ఒక సవరణ.

చట్టం చెప్పిన కథ

ఊడ్చే పనిని కంట్రాక్టుకివ్వవచ్చా అన్న ప్రశ్న కొత్తది కాదు. 1960లోనే బొంబాయి రిఫైనరీలో శుభ్రత పని చేసే కంట్రాక్టు కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, నిత్యం జరిగే పనికి కంట్రాక్టెందుకన్న ట్రిబ్యునల్ తీర్పును సమర్థించింది. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కేంద్రం 1976 డిసెంబరు 9న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది: కేంద్రం పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడవడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం అన్న పనులకు 1977 మార్చి 1 నుంచి కంట్రాక్టు కార్మికుల్ని పెట్టరాదని. గని గోడకు లోపల ఒక హక్కు, బయట ఇంకొకటి అని నేను మొదట్లో అన్నది ఇందుకే.

1996లో ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు, నిషేధించాక ఆ కార్మికులు అసలు యజమాని ఉద్యోగులే అవుతారంది. అయిదేళ్లు తిరగకుండానే, 2001 ఆగస్టు 30న ఉక్కు సంస్థ కేసులో ఆ తీర్పును తోసిపుచ్చింది. 1976 నోటిఫికేషన్‌ను కూడా కొట్టేసింది. 2003లో మన ఉమ్మడి రాష్ట్రం చట్టాన్ని సవరించి, సంస్థ ముఖ్య కార్యకలాపాల్లో కంట్రాక్టు కూడదంది. బాగానే ఉంది. అయితే ముఖ్య కార్యకలాపం కానివాటి జాబితాలో మొదట చేర్చింది పారిశుద్ధ్యాన్ని, ఆ తర్వాత కాపలాను. ఆసుపత్రికి శుభ్రత ముఖ్యం కాదట! కాన్పుల గదిలో పనిచేసిన ఏ నర్సునైనా అడగండి, ఒప్పుకుంటుందేమో.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి తెచ్చారు. 1970 చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ వచ్చింది. పారిశుద్ధ్యం, కాపలా సంగతిలో ఇదీ పాత బాటే. ఇరవై మంది కార్మికులున్న చోట వర్తించే నియమాలు ఇప్పుడు యాభై మందికి పెరిగాయి. మంచి అంశం ఒకటి మాత్రం నిలిచింది: కంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే, తక్కువిస్తే, అసలు యజమాని చెల్లించి కంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. ప్రభుత్వ కార్యాలయాలకు ఈ కోడ్ వర్తించకపోయినా, అక్కడ కంట్రాక్టరు ద్వారా పనిచేసేవాళ్లకు వర్తిస్తుందని మొదటి సెక్షనులోనే రాశారు. ఈ ఒక్క వాక్యం తెలిసిన ఆఫీసరు ఎందరున్నారో, తెలిసిన కార్మికులు ఎందరున్నారో ఆలోచించండి.

ఏడో తారీఖు

నెల గడిచి ఏడు రోజుల్లోపు జీతం పడాలన్నది చట్టం. టెండరు షరతు కూడా అదే చెబుతుంది: ఏజెన్సీ ముందు జీతాలిచ్చి, పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు జతచేసి, తరువాత బిల్లు పెట్టుకోవాలి. జరిగేది తలకిందులు. ఆసుపత్రి నుంచి బిల్లు పైకి పోవాలి, బడ్జెటు రావాలి, ట్రెజరీ పాస్ చేయాలి, ఏజెన్సీ ఖాతాలో పడాలి, అప్పుడు కార్మికుడికి. చిన్న ఏజెన్సీ అయితే రెండు మూడు నెలల జీతాలు చేతినుంచి పెట్టలేదు. పెద్ద ఏజెన్సీ పెట్టగలదు కాని పెట్టదు. జీతాలు రాక నెలలు గడిచాయని దవాఖానల ముందు ధర్నాలు మనం పేపర్లో చూస్తూనే ఉన్నాం. అంటే అసలు జరుగుతున్నదేమిటి? ప్రభుత్వ ఖజానాలో డబ్బు సర్దుబాటయ్యేదాకా, నెలకు పదమూడు వేలు చేతికొచ్చే మనిషి ప్రభుత్వానికి వడ్డీలేని అప్పిస్తోంది.

ఈ మూడు ఊళ్లలో ఒకచోట ఒకావిడతో మాట్లాడాను. ఊరి పేరు, ఆమె పేరు అక్కరలేదు. "సారూ, నేనొచ్చినంక కంపెనీలు మూడు మారినయి. నేను మారలే, చీపురు మారలే. కంపెనీ మారినప్పుడల్ల కొత్తగ చేరినట్టే రాసుకుంటరు" అన్నది. ఈ నాలుగు మాటల్లో గ్రాట్యుటీ చట్టమంతా ఉంది. అయిదేళ్ల సర్వీసు లెక్క ఏజెన్సీతో పాటే తెగిపోతుంది. "మరి పీఎఫ్ ఎంత జమైందో తెలుసా అమ్మా?" అన్నాను. "కట్ అయితదని తెలుసు. ఏడికి పోతదో తెల్వది" అన్నది.

మార్గం లేదా?

ఉంది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలై 3న ఔట్‌సోర్సింగ్ సేవల కార్పొరేషన్‌ను ప్రారంభించారు. ఏజెన్సీని మధ్యలోంచి తీసేసి, కార్పొరేషనే జీతం వేయాలన్నది ఉద్దేశం. అది పర్మనెంటు ఉద్యోగం కాదు. కాని కమీషను, ఆలస్యం రెండూ తగ్గించే ప్రయత్నం. కార్పొరేషను లేకపోయినా చేయగలిగినవి కొన్ని నాకు తోస్తున్నాయి. జీతాన్ని పోటీలోంచి తీసేయాలి. పోటీ యంత్రాల మీద, పర్యవేక్షణ మీద ఉండాలి. మంచాలతో పాటు ఓపీ సంఖ్య, నేల విస్తీర్ణం కూడా లెక్కలోకి రావాలి. ఏజెన్సీ మారినా మనిషి సర్వీసు కొనసాగాలని ఒప్పందంలో రాయాలి. ఏ షిఫ్టులో ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో గేటు దగ్గర బోర్డు పెట్టాలి. నలుగురు చూసే బోర్డు మీద లేని మనిషిని రాయడం కష్టం.

విద్యార్థి మిత్రులు చేయదగ్గవీ ఉన్నాయి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. జిల్లా స్థాయి కార్యాలయంలో పది రూపాయలతో దరఖాస్తు పెడితే ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఒప్పందం కాపీ, నెలవారీ హాజరు, పీఎఫ్ చలాన్లు అడగండి. కామర్స్ విద్యార్థులు ఒక ఆదివారం దవాఖానకు వెళ్లి కార్మికులకు యూఏఎన్ నంబరుతో పాస్‌బుక్ ఎలా చూసుకోవాలో నేర్పితే, నా దృష్టిలో అది ఒక ప్రాజెక్టు రిపోర్టుకన్నా విలువైన పని. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లు ఒక్క టెండరు డాక్యుమెంటు మొదటినుంచి చివరిదాకా చదివితే, పాఠ్యపుస్తకంలో లేని పరిపాలన అందులో దొరుకుతుంది.

రేపు మీలో ఎవరైనా ఆ సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటే, సంతకానికి ముందు ఒకసారి లేచి వార్డుదాకా నడిచి రండి. తలలు లెక్కపెట్టండి. ఏడో తారీఖున జీతం పడిందా అని వాళ్లనే అడగండి. చట్టం మీకిచ్చిన "అసలు యజమాని" అన్న బిరుదుకు అర్థం అదే.